హౌస్‌వైఫ్‌కి బల్ల ఎందుకు?

నన్ను హౌస్‌వైఫ్ అన్నవాళ్ళలో ఒక్కరూ చెడు ఉద్దేశంతో అనలేదు. నాకు మండేది అందుకే. తిట్టు అయితే తిరిగి తిట్టొచ్చు. డాక్టరు దగ్గర నర్సు అడిగేది, "ఆంటీ ఏం పని చేస్తారు?" అని. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న మా ఆయన "హౌస్‌వైఫ్" అనేవాడు, మర్యాదగా, నవ్వుతూ. అప్పటికి నా గోళ్ళలో తోట మట్టి ఉండేది. పొద్దున్న కోసిన తోటకూర పసరు వేళ్ళ మీద ఇంకా ఆరి ఉండేది కాదు. నర్సు ఆ చేతినే పట్టుకుని, దూదితో తుడిచి, సూది గుచ్చి రక్తం తీసేది. ఆవిడకీ ఏమీ కనిపించేది కాదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ముందు ఇంగ్లీషు, ఆ తర్వాత తెలుగు. తెలుగు నేర్పింది ఆంధ్ర నుంచి కొత్తగా డర్బన్ వచ్చిన ఒక ఇంజనీరుగారి భార్య. ఆదివారాలు గుడి హాల్లో పాఠం చెప్పేది. అంతకుముందు నాకు వచ్చిన తెలుగంతా మా నాయనమ్మ చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వస్తూ తెచ్చుకున్నది. అందులో తిట్లు ఎక్కువ, మిగతావి తక్కువ. ఇంజనీరుగారి భార్య దాన్ని ఓపిగ్గా దిద్దింది. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ దిద్దుబాటే. ఒక ఆదివారం హౌస్‌వైఫ్‌ని తెలుగులో ఏమంటారని అడిగాను.

"గృహిణి అంటారమ్మా. ఇల్లాలు అని కూడా. చాలా గౌరవమైన మాట."

"గౌరవం ఎవరికమ్మా?" అన్నాను.

ఆవిడ పేజీ తిప్పి తర్వాతి పాఠం మొదలుపెట్టింది. అందరూ వెళ్ళిపోయాక, చాపలు చుడుతూ, "నేను అక్కడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక నన్నూ అదే మాటంటున్నారు," అంది.

హౌస్‌వైఫ్ అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. అది నాకు చెప్పింది మా ఆయన చిన్నాన్న. ఆయన పెద్ద యుద్ధంలో ఈ దేశం సైన్యానికి ఎడారిలో లారీ నడిపాడు. మా వాళ్ళ చేతికి తుపాకి ఇవ్వలేదు, స్టీరింగు ఇచ్చారు. ఆయన పెట్టెలో ఖాకీ గుడ్డ చుట్ట ఒకటి ఉండేది. విప్పితే సూదులు, బొత్తాలు, దారం. సిపాయిలు చిరిగిన చొక్కా కుట్టుకోవడానికి ఇచ్చేవాళ్ళట. పటాలంలో దాని పేరు హౌస్‌వైఫ్. "యుద్ధమంతా జేబులో ఎట్టుకు తిరిగాను, ఒక్కనాడూ నోరెత్తలేదు," అని ప్రతి పెళ్ళిలోనూ చెప్పి తనే ముందు నవ్వేవాడు. ఆయన భార్య కూడా నవ్వేది. ఒక్కసారి మాత్రం, విస్తరాకులు తుడుస్తూ తల ఎత్తకుండా, "సూది గుచ్చుకోలేదేటి మరి?" అంది.

ఇక నా ఇంట్లో నేనెంతసేపు ఉండేదాన్నో చెబుతాను. మాది వెరులం ఊరు దాటాక ఏటిగట్టు మీద కౌలు తోట. తోటకూర, కొత్తిమీర, మెంతికూర, సొరకాయలు, చిక్కుడు. చీకటితో లేచి కోసేదాన్ని. కట్టలు కట్టి, తడి గోనెలో చుట్టి, మా ఆయన నడిపే బక్కీ వెనక ఎక్కించేదాన్ని. బక్కీ అంటే వెనక తెరిచి ఉండే చిన్న బండి. ముందు సీట్లో ఆయన పక్కన త్రాసు కూర్చునేది, వెనక కూర కట్టల మధ్య నేను. మార్కెట్టులో ఆయనకి ఒక సిమెంటు బల్ల ఉండేది. ఏ ఊరి మార్కెట్టో చెప్పను. అక్కడి బల్లల వాళ్ళ మనవలు ఇప్పటికీ దీపావళికి నాకు స్వీట్లు పంపుతారు.

బల్ల దగ్గర నిలబడేది నేను. బేరం నాది, తూకం నాది, గొంతు నాది. ఆయన వెనక పెట్టె మీద కూర్చుని పేపర్లో గుర్రప్పందేల పేజీ చదువుకునేవాడు. చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తాగి రాలేదు. ఎవరైనా పెద్దమనిషి వస్తే లేచి నిలబడి, నన్ను చూపించి, "మా ఇంటిది. హౌస్‌వైఫ్. ఊరికే తోడొత్తాది," అనేవాడు. ఊరికే. ఆ పూటకి అప్పటికే సగం సరుకు అమ్మి ఉండేదాన్ని.

తెల్లవాళ్ళూ, నల్లవాళ్ళూ, మేమూ, అందరం మొదటిసారి ఒకే వరుసలో నిలబడి ఓటేసిన ఏడాది అది. స్కూలు మైదానంలో మా ముందు మార్కెట్టు గేటు దగ్గర కూర్చునే జూలూ ఆవిడ నిలబడింది, నెత్తిమీద తువ్వాలు వేసుకుని. మదుంబెలు, అంటే మన చేమదుంపలు, మొక్కజొన్న కండెలు అమ్ముతుంది. మేమిద్దరం ఒకరినొకరు "మా", అంటే అమ్మా, అని పిలుచుకునేవాళ్ళం. మా మధ్య భాష సగం జూలూ, సగం ఇంగ్లీషు, మిగిలింది చేతులు. ఆ రోజు మేమంతా కొత్త బట్టలు కట్టుకున్నాం. మా ఆయన ఆవిడకి గొడుగు పట్టాడు. ఇక అన్నీ మారతాయన్నాడు.

ఆ జూలై చలికాలంలోనే ఆయన పోయాడు. గుండె. బక్కీ దిగుతూ పడిపోయాడు.

మాకు ఒక్కతే అమ్మాయి. మా వాళ్ళలో ఆచారం ఏమిటంటే, పదహారో రోజు కర్మ అయ్యాక ఇంటికి కొత్త పెద్దకి తలపాగా చుడతారు. చుట్టేది పోయినవాడి బావమరిది. కొడుకుంటే కొడుక్కి, లేకపోతే తమ్ముడికి. మా అన్నయ్యే స్వయంగా తెల్ల గుడ్డ తీసుకుని నా మరిది తలకి చుట్టాడు. నేను తెల్లచీరతో గోడవార కూర్చుని చూశాను. మార్కెట్టు బల్లల వాళ్ళందరూ వచ్చారు. భోజనాలు చేశారు. ఒక్కొక్కరే వెళ్ళి ఆ తలపాగాకి దండం పెట్టారు. వెళ్తూ వెళ్తూ నాకు "సారీ ఆంటీ" చెప్పారు. ఆ దండాలతో నా బల్ల చేతులు మారిందని నాకు అప్పుడు తెలియలేదు.

తెలిసింది మర్నాడు. మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫర్నిచరు ఫ్యాక్టరీలో మేస్త్రీ అతను. బల్ల దగ్గర ఒక్కపూట నిలబడిన పాపాన పోలేదు.

"వొదినా, ఇంక నువ్వు పొద్దున్నే లెగవనక్కర్లేదు. హౌస్‌వైఫ్‌వి, హాయిగా ఇంట్లో కూకో. ఆ బల్ల సంగతి నాను సూసుకుంతాను."

"ఏటి సూసుకుంతావు? నీకు మెంతాకేదో కొత్తిమీరేదో తెలీదు."

"నానెందుకు అమ్ముతాను? ప్లాస్టిక్ సామానోడు అడుగుతన్నాడు, అద్దెకి ఇచ్చేత్తాను."

"మరి నా కూరల మాటేటి?"

"కూరలేటి వొదినా, నీకు తిండికి నాను లోటు సేత్తానా?"

నేను తిండి అడగలేదు. నేనేమడిగానో అతని చెవికి ఎక్కలేదు. బల్ల లేకపోతే తోట లేదు. తోట కౌలు బల్ల మీది అమ్మకంతోనే కట్టేవాళ్ళం. తోట పోతే నేను నిజంగానే వాళ్ళన్న హౌస్‌వైఫ్‌ని అయిపోతాను. మరిది ఇంట్లో వెనక గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎవరో కొన్న చిక్కుడుకాయలు.

మా అమ్మాయి నన్ను డర్బన్‌లో, ఓవర్‌పోర్ట్ పేటలో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్ళింది. మెత్తటి మనిషి. పెళ్ళి ఎక్కడ జరిగిందని అడిగాడు. మా ఇంటి ముందు పందిట్లో, పంతులుగారు చేశారు, ఊరంతా తిన్నారు అన్నాను. మెజిస్ట్రేటు దగ్గర రిజిస్టరు చేయించారా అన్నాడు. మాలో ఎవరు చేయించారు? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చట్టం లెక్కలో మీరు పెళ్ళి కాని మనిషి, ఆంటీ. బల్ల అయితే ఆస్తి కింద రాదు. ఎవరి పేరున ఉండాలో బల్లల కమిటీ సిఫారసు చేస్తుంది, టౌన్ ఆఫీసు వాళ్ళు సరే అంటారు. కమిటీనే అడగండి."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నేను నవ్వుతుంటే మా అమ్మాయి భయపడింది. నవ్వు కాదది. ఇల్లు మామగారి పేరున ఉంది, ఇప్పుడు మరిదిది. చట్టానికి నేను పెళ్ళామే కాదు. ఇన్నేళ్ళూ నన్ను ఆ రెండు ముక్కలూ అతికించి పిలిచారు, ఒక్క ముక్కా నాకు ఇవ్వలేదు. పిలిపించుకున్నందుకు గౌరవం అని మాత్రం చెప్పారు.

కమిటీ మీటింగు మార్కెట్టు వెనక హాల్లో. బల్లల వాళ్ళు ముందు, నేను వెనక బెంచీ మీద. అధ్యక్షుడు మా వాడే, మా ఆయనతో కలిసి పందేలకి వెళ్ళేవాడు. కొత్త రోజులు కదా, ప్రతిదానికీ చేతులెత్తించడం అప్పుడే మొదలుపెట్టాడు. మొదటి సంగతి పైకప్పు కారడం. రెండోది గేటు దగ్గర నేలమీద కూర్చునే ఆడవాళ్ళు దారికి అడ్డమని, వాళ్ళని తీయించాలని. అది తర్వాత చూద్దామన్నారు. మూడోది నా బల్ల.

నేను లేచాను. "ఆ బల్ల దగ్గర నిలబడింది నేను. అది నాకే రావాలి."

ముందు వరుసలోంచి ఒకడు వెనక్కి తిరిగి, "ఆంటీ, ఇప్పుడు డెమోక్రసీ. లైనులో మాట్లాడాలి," అన్నాడు. నవ్వారు.

అధ్యక్షుడు చెయ్యెత్తి నవ్వు ఆపాడు. "ఆంటీ హౌస్‌వైఫ్. ఆవిడ బాగోగులు కుటుంబం చూస్తుంది. తలపాగా చుట్టినప్పుడు మనమందరం అక్కడే ఉన్నాం కదా. ఇంటికి పెద్ద ఎవరో తేలిపోయింది."

"ఆ తలపాగా పిండం పెట్టడానికి చుట్టారు. తోటకూర అమ్మడానికి చుట్టలేదు," అన్నాను.

"ఆంటీ, ప్లీజ్. హౌస్‌వైఫ్‌కి బల్ల ఎందుకు చెప్పండి? ఎండా వానా మీకెందుకు?"

ఎండా వానా మీకెందుకు. పాతికేళ్ళు ఆ మనిషి నా ఎదురుగా ఉల్లిపాయలు అమ్మాడు. నేను వానలో తడిసి గోనెలు దించుతుంటే "మార్నింగ్ ఆంటీ" అనేవాడు. పాతికేళ్ళు చూసి కూడా అతను చూసింది ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఆయన్ని చూసి ఉంటాడు, పెట్టె మీద కూర్చున్నవాణ్ణి.

చేతులెత్తారు. హాలంతా చేతులే. నా పక్క బల్ల మీద అల్లం వెల్లుల్లి అమ్మే ముసలాయన బూట్లకేసి చూసుకుంటూ సగం చెయ్యెత్తాడు. ఆ సగమూ మరిదికే లెక్క వేశారు.

మెట్ల మీద మరిది, అధ్యక్షుడు నా దారికి అడ్డం వచ్చారు. గొడవ పెద్దది కాకూడదని వాళ్ళిద్దరూ ఒక ఒప్పందం తయారుచేసుకున్నారు. ప్లాస్టిక్ సామానోణ్ణి రావద్దంటారట. బల్ల మరిది పేరునే ఉంటుందట. నేను ఎప్పటిలాగే వచ్చి అమ్ముకోవచ్చట.

"సూసేవా వొదినా, నాను అన్నేయం సేసేటోణ్ణా? పేరే గదా నాది. పనంతా నీదే."

"పని నాదైతే పేరూ నాదే కావాలి."

"పేరుతో ఏం చేస్తారు ఆంటీ?" అన్నాడు అధ్యక్షుడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"నువ్వేం చేస్తున్నావో అదే చేస్తాను."

మా వాళ్ళందరూ నన్నే తప్పుపట్టారు. ఎంత మంచి మరిది, ఈ కాలంలో ఎవరు ఇస్తారు అన్నారు. మా అన్నయ్య ఫోను చేసి, కూర్చోమంటే కూర్చోవచ్చు కదా, ఆడదానికి ఇంత పంతమేమిటి అన్నాడు. ఫోను పెట్టేశాను. వాళ్ళకి అర్థం కానిది ఒక్కటే. ఆ పేరు కింద కూర్చుంటే, రేపు అతనికి కోపం వచ్చినా, అతని కోడలికి ఆ చోటు మీద కన్ను పడినా, నేను లేచిపోవాలి. అడిగేందుకు కూడా ఉండదు. హౌస్‌వైఫ్ కదా, తోడొచ్చింది, వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న నలుగురితో కలిసి ఎక్కే టాక్సీ వ్యానులో వెళ్ళాను, ఒళ్ళో రెండు గోనెలు పెట్టుకుని. లోపలికి వెళ్ళలేదు. గేటు బయట, జూలూ ఆవిడ పక్కన గోనె పరిచాను.

ఆవిడ నన్నూ నా గోనెనీ చూసింది. "ఇక్కడెందుకు మా?"

"లోపల నాకు బల్ల లేదు."

"నాకూ లేదు," అంది, మదుంబెల బేసిన్ పక్కకి జరుపుతూ.

నేల మీద కూర్చోవడం నాకు కొత్త కాదు. కూర్చుని అమ్మడం కొత్త. కొనేవాళ్ళ మోకాళ్ళతో మాట్లాడాలి. పొద్దెక్కాక మార్కెట్టు గార్డు గొట్టం పట్టుకుని బాట కడగడానికి వచ్చేవాడు. మా ఎదురుగా ఆగి, "ఆంటీ, కొంచెం లేవండి," అనేవాడు నాతో. నేను లేచేదాకా నీళ్ళు ఆపేవాడు. ఆవిడ లేచేదాకా ఆపేవాడు కాదు. ఆవిడ బేసిన్ నెత్తిన పెట్టుకుని, తడిసిన కాళ్ళతో, వాడి తల్లిని తలుచుకుంటూ పక్కకి నడిచేది.

నా పాత గిరాకీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొందరు గుర్తుపట్టనట్టు లోపలికి వెళ్ళేవాళ్ళు, మా చుట్టాలు ముఖ్యంగా. ఒక పంతులుగారి భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అక్కా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అంది. కొత్తిమీర ఇచ్చి పంపాను.

పది పన్నెండు రోజులకి అధ్యక్షుడు బయటికొచ్చాడు. నా ముందు వంగాడు, మాట పక్కవాళ్ళకి వినపడకూడదని.

"ఆంటీ, మన పరువు చూడండి. మన ఆడవాళ్ళు వీళ్ళతో నేలమీద కూర్చుంటే జనం ఏమనుకుంటారు?"

"బల్ల ఇవ్వలేదనుకుంటారు."

"మీ ఆయన ఉంటే ఒప్పుకునేవాడా?"

"లేడు కదా, అందుకేగా మీరు చేతులెత్తింది. లెగు బాబూ, గిరాకీకి అడ్డం."

అతను లేచి నిలబడి చుట్టూ చూశాడు. అప్పుడే నాకు తెలిసింది బల్ల రావడానికి ఇంక ఎక్కువ రోజులు పట్టదని. దీపావళి ముందు మళ్ళీ మీటింగు పెట్టారు. నన్ను పిలవలేదు, నేను వెళ్ళలేదు. చేతులన్నీ మళ్ళీ లేచాయట, ఈసారి నాకు. మరిది రాలేదట. బల్ల పైన బోర్డు మీద పెయింటరు పాత పేరు మీద తెల్లరంగు పూసి నా పేరు రాశాడు. సరిగ్గా రాశాడో లేదో చూసుకుందామంటే నాకు అప్పటికి చదవడం రాదు. మా అమ్మాయిని పనిలోంచి పిలిపించి చదివించుకున్నాను. ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. చదువుకోవాలని అనుకున్నది అక్కడే, బోర్డు కింద నిలబడి, నా పేరు ఇంకొకరి నోట వింటూ.

లోపలికి వెళ్ళే ముందు గోనె మడుస్తూ జూలూ ఆవిడకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొక్కజొన్న కండె వలుస్తోంది.

"మంచిది మా. నువ్వు నేలమీద కూర్చుంటే వాళ్ళకి సిగ్గేసింది. నీ పిల్ల నీ వీపు మీద ఉన్నప్పటి నుంచి నేను ఇక్కడే కూర్చున్నాను. నన్ను చూసి ఎవరికీ సిగ్గెయ్యలేదు."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. పోరాడి గెలిచాననుకున్నదాన్ని, నా గెలుపు ఏ సరుకుతో చేసిందో ఆవిడ ఒక్క మాటతో విప్పి చూపించింది. నా పని చూసి ఇవ్వలేదు, నా హక్కు చూసి ఇవ్వలేదు. మన ఇంటి ఆడది బయట కనబడకూడదని ఇచ్చారు. అంటే బల్ల వెనక నిలబెట్టినా వాళ్ళ లెక్కలో నన్ను ఇంట్లోనే పెట్టారు. అయినా బల్ల తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉంటాను? నా తోట, నా కూర, నా మోకాళ్ళు.

ఆ తర్వాతి మీటింగుకి ముందు వరుసలో కూర్చున్నాను. గేటు దగ్గరి ఆడవాళ్ళని తీయించే సంగతి మళ్ళీ వచ్చింది. మార్కెట్టు వెనక నాలుగైదు బల్లలు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి, వాటి మీద ఉల్లిపాయల గోనెలు పడేసుకుంటున్నారు, అవి వాళ్ళకివ్వండి అన్నాను.

"బల్ల వచ్చింది కదా ఆంటీ, ఇంకేం కావాలి?" అన్నాడు వెనకనుంచి ఇంకో ఉల్లిపాయలవాడు.

"నీ ఉల్లిపాయలు ఇంటికి తీసుకెళ్ళడం కావాలి," అన్నాను. ఈసారి నవ్వింది అల్లం ముసలాయన ఒక్కడే.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. బల్లలు వాళ్ళకి ఇవ్వాలనేవారు చేతులెత్తండి అన్నాడు. ఎత్తాను. నావైపు చూడకుండానే "ఒకటి" అని, పైకప్పు సంగతిలోకి వెళ్ళిపోయాడు. నేను చెయ్యి దించలేదు. పైకప్పుకి రేకులు ఎవరు తేవాలో తేలేదాకా అలాగే ఉంచాను. భుజం లాగేసింది. అందరూ చూడనట్టే ఉన్నారు.

పొద్దున్న గేటు దగ్గర ఆవిడకి జరిగింది చెప్పాను.

"ఒక్క చెయ్యేనా?" అంది.

"ఒక్కటే."

ఆవిడ మదుంబె మీద మట్టి బొటనవేలితో గీకింది.

"మళ్ళీ మీటింగు ఎప్పుడు?" అంది.